అరకులో మనకు జాగా అక్కర్లేదు

విశాఖపట్నంలో అరవై దాటిన నలుగురు ఒకచోట చేరితే మాట ఎక్కడ మొదలైనా అరకు దాకా పోతుంది. గ్రాట్యుటీ చేతికొచ్చింది, పిల్లలు డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో కుదురుకున్నారు, కాళ్ళూ చేతులూ ఇంకా మాట వింటున్నాయి. "మాస్టారూ, అనంతగిరి దాటాక ఓ అరెకరం చూసుకుందామండీ. చిన్న ఇల్లు, చుట్టూ తోట, రెండు కుక్కలు, ఆదివారాలు స్నేహితులు. పక్కన ఓ గోల్ఫ్ మైదానం కూడా పడిందంటే ఈ జన్మకి ఇంకేం కావాలి?" ఆ వెంటనే నిట్టూర్పు. "ఏం లాభం, ఆ వన్ ఆఫ్ సెవెంటీ అడ్డం కదా!"

ఆ నిట్టూర్పు మీదే నా పోట్లాట. నేనూ ఆ వయసువాణ్ణే, ఆ ఊళ్ళో ఉండేవాణ్ణే. కొండల్లో శీతాకాలపు పొద్దులూ, పసుపుపచ్చగా విచ్చుకున్న వలిసె చేలూ, బొర్రా దారిలో వరసగా వచ్చే రైలు సొరంగాలూ నాకూ ప్రాణమే. అరకు మీద ప్రేమ ఉన్నవాడిగానే ఈ మాట చెబుతున్నాను.

ఇది కాలక్షేపం కబురుగా ఉన్నంతకాలం పట్టించుకోనక్కర్లేదు. ఇప్పుడు వాదంగా గట్టిపడింది. స్థలాల వ్యాపారులూ, పర్యాటక పెట్టుబడులు కావాలనేవాళ్ళూ, నాతోటి పింఛనుదార్లూ ఒకే పాట పాడుతున్నారు. గిరిజన ప్రాంతాల్లో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే ఆ వన్ ఆఫ్ సెవెంటీ, అంటే 1/70, కాలం చెల్లిన చట్టమట. దానివల్ల అరకు ఎదగడం లేదట. గిరిజనుడు తన భూమిని మంచి ధరకు అమ్ముకోలేకపోతున్నాడట. చదువుకున్న నెమ్మదస్తులు నలుగురు అక్కడ స్థిరపడితే ఎవరికి నష్టమట. 2025 జనవరి చివర్లో విశాఖలో జరిగిన పర్యాటక పెట్టుబడుల సదస్సులో శాసనసభ స్పీకర్ చింతకాయల అయ్యన్నపాత్రుడు కూడా పర్యాటకం కోసం ఈ చట్టాన్ని సవరించాలన్న ధోరణిలో మాట్లాడారు. ఆదివాసీ సంఘాలు ఫిబ్రవరి 11, 12 తేదీల్లో ఏజెన్సీ బంద్‌కు పిలుపునిచ్చాయి. చట్టాన్ని మార్చే ఆలోచన లేదని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు స్వయంగా ప్రకటించాల్సి వచ్చింది. ప్రకటన వచ్చింది గానీ వాదం చావలేదు. అందుకే దాన్ని ముక్కముక్కగా విప్పి చూడాలి.

మన ముసలితనాన్ని ఏది మోస్తోందో ముందు చూసుకుందాం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగి పదవీ విరమణ వయసు 2014లో 58 నుంచి 60కి, 2022లో 62కి పెరిగింది. ఆ తర్వాత కొందరికి నెలనెలా పింఛను, కొందరికి భవిష్యనిధి, బ్యాంకులో డిపాజిట్టు, చేతిలో ఆరోగ్య కార్డు. అన్నీ ముప్ఫై ఏళ్ళ జీతంలోంచి కొద్దికొద్దిగా కూడినవే. గోల్ఫ్ ఆడే తీరికా, కుక్కపిల్లకు డాక్టరూ, తోటకు మాలీ ఈ కూడిక మీదే నడుస్తాయి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, కష్టపడి సంపాదించుకున్నదే.

కొండ మీద బగత, కొండదొర, వాల్మీకి, కోటియా, పోర్జ, గదబ, ఖోందు కుటుంబాల్లో చాలామందికి ఇలాంటి కూడిక ఏదీ లేదు. టీచర్లుగా, ప్రభుత్వోద్యోగులుగా రిటైరైన కొందరిని మినహాయిస్తే మిగతావాళ్ళకు వచ్చేది సర్కారిచ్చే వృద్ధాప్య పింఛను. 2024 జులై నుంచి అది నెలకు 4,000 రూపాయలు. తక్కిన ముసలితనమంతా నేల మీదే ఆనుకుని ఉంది. మాటవరసకు చెప్పడం లేదు, కాఫీ తోటను చూడండి. మొక్క నాటిన మూడు నాలుగేళ్ళకు కాపుకొస్తుంది, చూసుకునేవాళ్ళు ఉంటే దశాబ్దాల పాటు కాస్తుంది. పైన నీడకు సిల్వర్ ఓక్, దాని మానును పట్టుకుని మిరియాల తీగ. నలభై ఏళ్ళ వయసులో వేసిన తోట డెబ్బై ఏళ్ళ వయసులో కూడు పెడుతుంది. శీతాకాలమంతా ఎర్రబడ్డ పళ్ళు కోయాలి, తొక్క తీసి కడగాలి, ఎండబోయాలి, మంచుకు తడవకుండా కప్పాలి, చెడ్డ గింజ ఏరాలి. మోసే పని పడుచువాళ్ళది, ఏరే పనీ కాపలా పనీ ముసలివాళ్ళది. మెట్ట మీద చోడి, సామ, పల్లంలో వరి, పెరట్లో పసుపు. ఏ వయసు ఏ పని చేయగలదో ఆ వయసుకు ఆ పని అక్కడ దొరుకుతుంది. ఒంట్లో సత్తువ తగ్గినకొద్దీ పనీ తగ్గుతుంది, అంతేగాని ఫలానా నెల ఆఖరి తేదీన దండ వేసి ఇంటికి పంపేసే పద్ధతి లేదు.

ముసలివాళ్ళ గౌరవం కూడా ఆ నేల మీదే నిలబడింది. ఏ గట్టు ఎవరిదో, ఏ గెడ్డ నీళ్ళు ముందు ఏ మడికి పారాలో, ఏ చెట్టు దేవతదో, ఏ మెట్టను ఎప్పుడు పోడు చేసి ఎన్నేళ్ళు వదిలేశారో జ్ఞాపకం ఉన్నవాళ్ళు వాళ్ళే. జ్యోతిష్కుడైన దిసారి ముహూర్తం చెబితే ఊరంతా ఇటుకల పండగకు కదులుతుంది, విత్తనం సంగతి మాట్లాడాల్సి వచ్చినప్పుడు పెద్దల మాట చెల్లుతుంది. నేల చేజారిన రోజున ఆ జ్ఞాపకంతో ఎవరికీ అవసరం ఉండదు. ఇంట్లో తినే నోరుగా మిగులుతారు.

కాబట్టి అరెకరం అమ్మమని అడిగే పింఛనుదారు, పింఛను లేని మనిషిని నీ పింఛను నాకమ్ము అని అడుగుతున్నాడు. మాట కటువుగా ఉందని తెలుసు. దీన్ని మెత్తగా చెప్పే దారి నాకు కనపడలేదు.

"అతనే ఇష్టపడి అమ్మితే? మంచి ధర ముడితే?" అని అడుగుతారు. దీనికి జవాబు మన పింఛను కాగితాల్లోనే ఉంది. మన పింఛనును మనం అమ్ముకోగలమా? 1871 నాటి పింఛన్ల చట్టం ప్రకారం ప్రభుత్వ పింఛనును అప్పులవాడు కోర్టుకెక్కి జప్తు చేయించలేడు. రాబోయే పింఛనును ఇంకొకరి పేర రాసిచ్చినా ఆ రాత చెల్లదు. కమ్యుటేషన్ కింద ముందుగా తీసుకోగలిగేది నూటికి నలభై వంతు, అంతే. ఎందుకీ కట్టడి? ఒకేసారి చేతికొచ్చిన మొత్తం కూతురి పెళ్ళికో, అల్లుడి వ్యాపారానికో, మాయమాటల చిట్టీకో పోతుందని, ఆ తర్వాత కూడా మనిషి ఇరవై ఏళ్ళు బతకాలని. నూట యాభై ఏళ్ళుగా ఆ కట్టడి ఉంది. అది మన స్వేచ్ఛను హరిస్తోంది, రద్దు చేయండి అని ఏ పింఛనుదార్ల సంఘమూ తీర్మానం చేయగా నేను వినలేదు. మనకు రక్షణగా కనిపించినది ఆదివాసీకి మాత్రం సంకెలగా ఎలా కనిపిస్తోంది?

పైగా అతను అమ్ముకోనే లేడన్నది నిజం కాదు. మరో గిరిజనుడికి అమ్ముకోవచ్చు. కొనే గిరిజనుడు దొరక్కపోతే ప్రభుత్వమే పరిహారమిచ్చి తీసుకోవాలని ఆ నిబంధనల్లోనే ఉంది. బ్యాంకుకు కుదువపెట్టి అప్పు తెచ్చుకోవడానికీ వీలుంది, అప్పు తీరక వేలానికొస్తే కొనేవాడు మాత్రం గిరిజనుడే కావాలి. ఈ సదుపాయాలు నేల మీద సరిగా అమలు కావడం లేదంటే ఒప్పుకుంటాను. అమలు చేయించాలని అడుగుదాం. అమలు కాలేదు కాబట్టి చట్టమే ఎత్తేయాలనడం అడ్డగోలు తర్కం.

అసలు ఈ చట్టం ఎక్కడినుంచి వచ్చిందో మనలో చాలామందికి తెలియదు. 1970లో ఎవరికో తోచి రాసిన కాగితం కాదిది. మైదానం నుంచి వచ్చిన వడ్డీ వ్యాపారులు ఉప్పుకీ బట్టకీ అప్పులిచ్చి, అప్పుకింద నేల రాయించుకుంటుంటే కొండలు మళ్ళీ మళ్ళీ తిరగబడ్డాయి. 1879లో రంప తిరుగుబాటు వచ్చింది. ఆ తర్వాత 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూముల బదిలీకి కళ్ళెం వేస్తూ చట్టం చేసింది. బ్రిటిష్‌వాళ్ళు దయతో చేయలేదు, నేల పోతే కొండలు ఊరుకోవని అనుభవం మీద తెలుసుకుని చేశారు. ఆ చట్టంలోని సందుల్లోంచి భూమి కారిపోతూనే ఉండటంతో 1959లో ఒక రెగ్యులేషన్ వచ్చింది, దానికి పదునుపెట్టి 1970లో ఒకటో నంబరు రెగ్యులేషన్ వచ్చింది. అదే మనం వన్ ఆఫ్ సెవెంటీ అంటున్నది. దాని ప్రాణం ఒక నియమంలో ఉంది: షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, వేరే రుజువు లేనంతవరకు, గిరిజనుడి దగ్గరనుంచి వచ్చినదే అనుకోవాలి. రుజువు చేసుకునే బరువు మనది. ఒక గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మడం కూడా చెల్లదు. ఇది అన్యాయమని సుప్రీంకోర్టు దాకా వెళ్ళినవాళ్ళున్నారు. 1988లో కోర్టు ఈ చట్టాన్ని నిలబెట్టింది. కాగితాలు రాసేది మనం, చదవగలిగేది మనం, కోర్టులో ప్లీడరును పెట్టుకోగలిగేది మనం. అలాంటప్పుడు రుజువు బరువు ఎవరి మీద ఉండాలి?

చట్టాన్ని దాటే దొంగదారుల గురించి కూడా చెప్పాలి. వీటిని మన పెద్దమనుషులు నేరంగా అనుకోవడం లేదు, లౌక్యంగా అనుకుంటున్నారు. కారు డ్రైవరు గిరిజనుడైతే అతని పేర కొనడం. గిరిజన స్త్రీని పెళ్ళాడి ఆమె పేర పెట్టడం. తొంభై తొమ్మిదేళ్ళ లీజని స్టాంపు కాగితం మీద రాసుకోవడం. ఇవేవీ చెల్లవు. ఈ రెగ్యులేషన్ కింద ఏడాది దాకా జైలు శిక్ష వేయొచ్చు. శిక్ష భయం కన్నా నన్ను బాధపెట్టేది వేరే ఉంది. అలా కొన్న స్థలంలో గేటు దగ్గర రేకుల గదిలో కాపలా ఉండేది ఎవరు? చాలాసార్లు ఆ నేల అమ్మిన కుటుంబమే. తాత దున్నిన నేలలో మనవడు మన గులాబీలకు నీళ్ళు పోస్తాడు, మన కుక్కకు అన్నం పెడతాడు, మనం ఊళ్ళో లేనప్పుడు తాళంచెవులు దాస్తాడు. అతనికి ఉపాధి కల్పించామని మనం సంతోషపడతాం.

"మేం మంచివాళ్ళం, మేం వెళ్తే వాళ్ళకు మేలే" అనేవాళ్ళు నిజంగానే మంచివాళ్ళని నాకు తెలుసు. వాళ్ళకు ఊటీ కథ చెప్పాలి. అరకును ఆంధ్రా ఊటీ అని మురిపెంగా పిలుచుకుంటున్నాం కదా, ఆ ఊటీ ఎలా ఊటీ అయిందో చూద్దాం. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ 1819లో నీలగిరులెక్కాడు. ఆ చలీ ఆ పచ్చికా అతన్ని పట్టేశాయి. అక్కడి ఆదివాసులైన తోడాల దగ్గర ఎకరం రూపాయికి కొన్నాడని చరిత్ర చెబుతుంది. 1822లో స్టోన్ హౌస్ కట్టడం మొదలుపెట్టాడు, చెరువు తవ్వించాడు, ఐరోపా కూరగాయలూ పూలూ పండ్లచెట్లూ నాటాడు. మనవాళ్ళు కలగనే విశ్రాంత జీవితానికి అతను తొలి తోటమాలి. దుర్మార్గుడూ కాదు. ఆ గడ్డి నేలలు తోడాలవే, వాళ్ళ హక్కును గుర్తించాలని పైఅధికారులతో వాదించినవాడు. అయినా అతను తెరిచిన దారిని అతనే మూయలేకపోయాడు. వెనకాలే జబ్బుపడ్డ సైనికుల విడిది, ఆ వెనక తెల్లదొరల బంగళాలు, క్లబ్బులు, వేటలు, గోల్ఫ్ మైదానం, టీ తోటలు, హోటళ్ళు. ఇవాళ ఊటీ వెళ్ళే తెలుగువాడికి సినిమా షూటింగులు జరిగిన చోట్లు తెలుసు, తోడాల పల్లెను మంద్ అంటారని తెలియదు. వాళ్ళు వేలల్లోనే మిగిలారు, తమ కొండ మీద తామే చూడదగ్గ వింతగా. మొదట వచ్చినవాడి మంచితనం అతనితోనే పోతుంది. స్థలం కాగితం మాత్రం చేతులు మారుతూనే ఉంటుంది. మనం పోయాక అమెరికాలో ఉన్న మన అబ్బాయి ఆ అరెకరాన్ని ఎవరికి అమ్ముతాడో మనం చెప్పగలమా?

మన తెలుగు నేలలోనూ ఈ కథ జరిగింది. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1940లలో నిజాం ప్రభుత్వంలో పనిచేస్తూ ఆదిలాబాద్ గోండులకు భూములు దక్కడానికి పాటుపడ్డాడు. మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ పెట్టించాడు. లండన్‌లో ఆచార్య పదవి నుంచి 1976లో విరమించుకున్నాక తన పాత ఊళ్ళను మళ్ళీ చూడటానికి వచ్చాడు. రోడ్లు పడ్డాయి, వాటి వెంట వలసదార్లు వచ్చారు, పట్టాలిప్పించిన పొలాల్లో చాలా వాటిని వేరేవాళ్ళు దున్నుతున్నారు. ఆ సంగతులన్నీ 1982లో పుస్తకంగా రాశాడు. చట్టం పుస్తకంలో ఉండి అమలులో కుంటితే ఏమవుతుందో దానికన్నా గట్టి సాక్ష్యం నాకు తెలియదు. చట్టం పుస్తకంలో కూడా లేకపోతే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఇక అభివృద్ధి మాట. 1/70 వల్ల అరకు ఎదగలేదన్నది ఎంతమంది ఎన్నిసార్లు అన్నా అబద్ధమే. అరకు కాఫీ పేరు ప్రపంచానికి తెలిసింది ఈ చట్టం ఉండగానే. 2017లో పారిస్‌లో అరకు పేరుతో దుకాణం తెరుచుకున్నప్పుడు, 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు, 2025లో పార్లమెంటు ఆవరణలో ఆ కాఫీ పోసినప్పుడు, అది చిన్న చిన్న కమతాల ఆదివాసీ రైతుల పంటే. ఒక పెద్ద ఎస్టేటు యజమాని పంట కాదు. కూర్గులో, చిక్కమగళూరులో కాఫీ అంటే ఎస్టేటు దొర గుర్తుకొస్తాడు. ఇక్కడ గుర్తుకు రాడు, ఎందుకంటే ఇక్కడ అలాంటివాడు పుట్టకుండా చట్టం ఆపింది. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ, కాఫీ బోర్డు, సహకార సంఘాలు, వీటి పనిలో ఎన్ని లోపాలున్నా ఆదాయం పండించినవాడి ఇంటికే వెళ్ళే ఏర్పాటు ఇది. పర్యాటకమూ ఆగలేదు. 2017లో అద్దాల రైలుపెట్టె వచ్చింది. సీజనులో ఘాట్ రోడ్డు మీద కార్ల బారు చూసినవాళ్ళెవరూ అరకుకు జనం రావడం లేదని అనలేరు. 1/70 వద్దన్నది ఒక్కటే, నేల మన పేర మారడాన్ని.

ఈ వాదం చేసేవాళ్ళు ఇంకో సంగతి మరిచిపోతున్నారు. అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో 1997 జులై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ చట్టం మీదే నిలబడింది. గిరిజనేతరుడికి భూమి బదలాయించకూడదన్నప్పుడు ఆ నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందని, ప్రైవేటు కంపెనీలకు లీజులివ్వడం చెల్లదని కోర్టు చెప్పింది. గాలికొండ, రక్తకొండ, జెర్రెల కొండల్లో బాక్సైట్ కోసం ఎంతమంది ఎన్నేళ్ళు ఎదురుచూశారో మనకు తెలుసు. 2015లో అటవీ భూమి ఇస్తూ జీవో 97 వచ్చింది, జనం తిరగబడ్డారు, 2019లో అది రద్దయింది. ఆ కొండల్లోంచి దిగే గెడ్డల నీళ్ళు మైదానంలో మన చేలకూ కొళాయిలకూ చేరతాయి. గనుల కంపెనీని ఆపుతున్న తలుపూ మన బంగళాను ఆపుతున్న తలుపూ ఒక్కటే. పెద్దమనుషుల అరెకరం కోసం దాన్ని వారగా తెరిస్తే వెనక నిలబడ్డవాళ్ళు బార్లా తెరిచేస్తారు.

గోల్ఫ్ గురించి ఎక్కువ చెప్పను. 18 హోల్స్ మైదానానికి వందెకరాల పైచిలుకు నేల కావాలి, ఆ గడ్డికి ఎండాకాలమంతా నీళ్ళు కావాలి. అరకు లోయలో అంత చదును నేల అంటే అది వరి మడే. ఆడాలనుకునేవాళ్ళకు విశాఖలో ముడసర్లోవ దగ్గర మైదానం ఉంది, వెళ్ళి హాయిగా ఆడుకోండి.

మన మేలు కోరి కూడా ఒక మాట. చురుకైన విశ్రాంత జీవితమంటే అందులో మొదటిది స్నేహితులు. అరవై ఏళ్ళలో కూడిన స్నేహాలు ఊళ్ళో ఉంటాయి, బీచ్‌రోడ్డు మీద పొద్దుటి నడకలో, లైబ్రరీ బల్ల దగ్గర, పక్కవాటా గుమ్మంలో. వాటిని వదిలి 115 కిలోమీటర్ల దూరం పోయి, ఆదివారం వస్తామన్నవాళ్ళ కోసం ఎదురుచూడటం మొదటి ఏడాది బాగుంటుంది. తర్వాత మోకాళ్ళు పట్టేస్తాయి, రాత్రిపూట ఘాట్ రోడ్డు మీద బండి నడపలేం, గుండెల్లో నొప్పి వస్తే విశాఖలోని కేజీహెచ్ ఆసుపత్రి చేరడానికి కొన్ని గంటలు. తోట చూసేవాళ్ళుండరు. కుక్కలు ఏం కావాలి? ఇల్లు తాళం పడుతుంది. అదే కొండల్లో రోడ్డు లేని ఊళ్ళ నుంచి నిండు చూలాలిని ఇవాళ్టికీ డోలీ కట్టి మోసుకొస్తున్నారని మన పేపర్లలోనే చదువుతున్నాం. ఆ ఊరికి వేయని రోడ్డు మన రిసార్టుకు వేయిస్తే దాన్ని అభివృద్ధి అనడానికి నాకు నోరు రాదు.

తోట కావాలంటే భీమిలి వైపు ఉంది, ఆనందపురం ఉంది, కొండ దిగువన ఎస్.కోట ఉంది. అక్కడ ఈ చట్టం అడ్డం రాదు. మామిడి వేసుకోండి, కుక్కల్ని పెంచుకోండి, స్నేహితుల్ని పిలవండి. అరకు మీద ప్రేమ ఉంటే అతిథిగా వెళ్ళండి. ఆదివాసీ కుటుంబం తన ఇంట్లో గది అద్దెకిస్తే అక్కడ దిగండి, వాళ్ళు వండినది తినండి, సంతలో అడిగిన ధర ఇచ్చి పసుపు కొనండి, ఫొటో కోసం వలిసె చేలో దిగి తొక్కకండి.

అతిథిగా ఉండటంతో తీరని ఉత్సాహం ఉన్నవాళ్ళ ముందు మంచి దారులున్నాయి. ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ 1987 డిసెంబరులో తూర్పు గోదావరి ఏజెన్సీలోని గుర్తేడు దగ్గర నక్సలైట్ల చేతిలో బందీ అయ్యారు. అలాంటి అనుభవం తర్వాత కొండలంటే భయపడి తప్పుకున్నా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. 1992లో పదవీ విరమణ చేశాక హైదరాబాదులో నిరాడంబరంగా ఉంటూ, 1997 నుంచి పౌర స్పందన వేదికకు పెద్దదిక్కై, ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య మాటలు జరగాలని ఏళ్ళతరబడి తిరిగారు. సఫాయి కర్మచారుల పోరాటానికి అండగా నిలిచారు. 2010లో చనిపోయేదాకా ఆయనకు తీరిక లేదు. విశాఖలోనే ఉన్న ఇ.ఎ.ఎస్. శర్మ కేంద్రంలో కార్యదర్శి స్థాయిలో పనిచేసి, గడువుకు ముందే ఉద్యోగం వదిలి వచ్చారు. బాక్సైట్ మీద, భూముల మీద, షెడ్యూల్డ్ ప్రాంతాల హక్కుల మీద ఆయన ప్రభుత్వాలకు రాసిన ఉత్తరాలు ఎన్నో. ఛత్తీస్‌గఢ్‌లో నక్సలైట్ల మీదికి నడిపిన సాయుధ దళం సల్వాజుడుం మీద, పరిశోధకులు నందినీ సుందర్, రామచంద్ర గుహలతో కలిసి సుప్రీంకోర్టుకెళ్ళినవారిలో ఆయనొకరు, 2011లో తీర్పు గెలిచారు. చురుకుదనం అంటే నా లెక్కలో అది.

అందరం శంకరన్‌లం కాలేం. కాని మనలో రిటైరైన తహసీల్దార్లున్నారు, సర్వేయర్లున్నారు, బ్యాంకు మేనేజర్లున్నారు, ప్లీడర్లున్నారు, లెక్కల మాస్టర్లున్నారు. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టాకు దరఖాస్తు నింపడం, తిరస్కరించిన దరఖాస్తుపై అప్పీలు రాయడం, భూబదలాయింపు కేసులో వాయిదాకు కాగితాలు సర్దడం, సహకార సంఘం పద్దులు చూడటం, డిగ్రీ పిల్లలకు పోటీ పరీక్షల లెక్కలు చెప్పడం, ఇవన్నీ మన చేతి విద్యలు. పిలిస్తే వెళ్ళి, పని చేసి, సాయంత్రం బస్సుకు తిరిగి రావచ్చు. అందుకు అక్కడ గజం నేల కూడా అక్కర్లేదు.

ఏజెన్సీలో తరాలుగా ఉంటున్న గిరిజనేతర వర్తకులకూ చిన్న రైతులకూ తమ ఇబ్బందులు తమకున్నాయి. వాటిని వేరుగా, వాళ్ళూ ఆదివాసీలూ కూర్చుని తేల్చుకోవాలి. వాళ్ళ పేరు అడ్డుపెట్టుకుని మన ఫామ్‌హౌస్‌లకు దారి వెతకడం మాత్రం కుదరదు.

మన పింఛనుదార్ల సంఘాలు చేయగలిగిన పని ఒకటుంది. కరువు భత్యం మీద, ఆరోగ్య కార్డుల మీద ప్రతి సమావేశంలో తీర్మానాలు చేస్తాం. వాటి పక్కన ఇంకో తీర్మానం చేయాలి: 1/70 జోలికి వెళ్ళవద్దని, షెడ్యూల్డ్ ప్రాంతంలో ఫామ్ ప్లాట్లంటూ ప్రకటనలిచ్చేవాళ్ళ మీద కేసులు పెట్టాలని, ఆదివాసీలు గెలిచిన భూబదలాయింపు కేసుల్లో భూమిని ఆలస్యం లేకుండా స్వాధీనం చేయాలని, సంఘ సభ్యులెవరూ బినామీగా అక్కడ నేల కొనబోమని. వచ్చే సర్వసభ్య సమావేశంలో మా సంఘంలో దీన్ని నేను ప్రతిపాదిస్తున్నాను. బలపరచడానికి ఒకరు కావాలి.